తాబేలు కారు ముందు సీటు

తాబేలులా ఉండే ఆ కారు ఎన్నడూ బోల్తా పడలేదు. మా బావ మాట నమ్మి బోల్తా పడింది నేనే.

“దాని ఇంజను ఎనకుంటది, ముందటంతా డొల్ల. గుద్దుకుంటే ముందట కూసున్నోడు ఖతమే” అనేవాడు బావ, మా అక్క భర్త.

ఓ వాన మధ్యాహ్నం రామగుండం స్టేషన్ బయట గోదావరిఖని బస్సు ఎంతకీ రాలేదు. ఉన్న ఒక్క టాక్సీ ఆ కారే. ఎక్కమన్న డ్రైవరుకు బావ పాఠం గట్టిగా అప్పజెప్పాను. అది విని, ఎక్కబోతున్న మరో ఇద్దరు కూడా వెనక్కి తగ్గారు. పాపం, డ్రైవరు ముఖం వాడిపోయింది.

అతనికి అన్నం తెచ్చిన భార్య, చంకలో చంటిబిడ్డతో నా ముందుకొచ్చింది. “ముందట ఏం లేదంటున్నవు గదా అన్న? గిప్పుడు మేమున్నం, ఎక్కు” అని, బిడ్డను ఒళ్లో పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంది.

తలొంచుకుని వెనక సీట్లోకి ఎక్కాను. వెనక ఇంజను, ముందు తల్లీబిడ్డ, నడుమ నా సిగ్గు. దారిలో బొగ్గు లారీ ఒకటి బురదలో దిగబడి ఉంది. మా కారు దాని పక్కనుంచే జారకుండా సాగిపోయింది. బిడ్డ నిద్ర కూడా చెదరలేదు. ఆ నిద్ర తలుచుకుంటే నాకు ఇప్పటికీ అబ్బురమే.

తర్వాతి నెల బావ వస్తుంటే స్టేషనుకు ఆ కారే తీసుకెళ్లాను. ముందు తలుపు తెరిచి పట్టుకుని, వినయంగా అన్నాను:

“పెద్దోనివి బావా, నిన్ను ఎనక కూసోబెడితే అక్క ఊకుంటదా?”