బొమ్మ మంచం కింద తమ్ముడు

అరవైల చివర్లో నాంపల్లి స్టేషను దగ్గర అద్దెకుండేవాళ్ళం. రెండో కాన్పుకని ఆసుపత్రికి వెళ్ళి ఒట్టి చేతులతో తిరిగొచ్చాను. మగపిల్లాడు, పుట్టాక ఊపిరి తీసుకోలేదు. ఐదేళ్ళ మా అమ్మాయికి ఈ సంగతి చెప్పొద్దని అత్తగారు కట్టడి చేశారు. ఆ వారంలోనే పిల్ల మాట మానేసింది.

గొంతులో లోపమేమీ లేదన్నారు డాక్టర్లు. దర్గాలో తాయెత్తు కట్టించాం. మూగదైపోతుందేమోనని నాకు అన్నం సయించేది కాదు. చివరికి ఆబిడ్స్‌లో ఒక మేడమీద, మనోవిశ్లేషణ చదివిన లేడీ డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాను. ఆవిడ మందు రాయలేదు. ఇసుక తొట్టి, చెక్కబొమ్మలు, చిన్న రేకు మంచం ముందు పెట్టి పిల్లతో పాటు నేలమీద కూర్చుంది.

"ఆడుకోవడానికా అండీ ఇక్కడిదాకా తెచ్చింది?" అన్నాను.

"జర ఓపిక పట్టున్రి అమ్మా. నోటితోని చెప్పలేంది ఆటల చెప్తది."

నేను గుమ్మం బయట బల్లమీద కూర్చునేదాన్ని. పిల్ల ప్రతిసారీ అమ్మబొమ్మను మంచం మీద పడుకోబెట్టేది. అన్నిటికన్నా చిన్న బొమ్మను మంచం కిందకి తోసి, కనబడకుండా ఇసుక కప్పేది. ఒకసారి ఆగలేక లోపలికి వెళ్ళి ఆ బొమ్మను తీయబోయాను.

డాక్టరు నా చెయ్యి పట్టుకుంది. "తియ్యకున్రి. ఆమె ఆట ఆమెనే ఆడనియ్యున్రి."

మళ్ళీ బల్లమీదకొచ్చి కూర్చున్నాను. పిల్లను ఇంకా పాడుచేస్తున్నానా అని అనుమానం.

కొన్ని వారాల తర్వాత పిల్ల అమ్మబొమ్మను డాక్టరు చేతిలో పెట్టింది. ఆవిడ ఆ బొమ్మను ఆడిస్తూ, "నా చిన్నోడు ఏడి?" అని మెల్లగా అడిగింది.

"నేను తమ్ముడొద్దన్నాను. అందుకే చచ్చిపోయాడు," అంది నా కూతురు. బొంగురుపోయిన గొంతు. ఎవరూ చెప్పకపోయినా దానికి అన్నీ తెలుసు.

"వద్దన్నంత మాత్రాన ఎవ్వరు చచ్చిపోరు బిడ్డా. కోపమొస్తే అంటం, గంతే."

పిల్ల ఇసుక తవ్వి చిన్న బొమ్మను తీసి, దులిపి, అమ్మబొమ్మ పక్కన పడుకోబెట్టింది. నేను గుమ్మంలోనే కూలబడి ఏడ్చాను. ఆ బిడ్డ కోసం నేను ఏడవడం అదే మొదటిసారి.

మాటలు ఒక్కటొక్కటిగా తిరిగొచ్చాయి. నత్తి మాత్రం చాలాకాలం ఉంది. రెండేళ్ళకు మళ్ళీ నెల తప్పాను. ఈసారి అత్తగారికన్నా ముందు దానికే చెప్పాను.

"ఆసుపత్రికి నన్నూ తీసుకెళ్తావా?" అంది.