తెల్లచొక్కా చెకింగు

ఫోనుకు ముఖం చూపించి హాజరు వేసుకోవడం మాకు అప్పుడప్పుడే అలవాటవుతున్న రోజులవి. పుంగనూరు దగ్గర ఒక పల్లె బడిలో నాకు కొత్తగా ఉద్యోగం. కాపురం (అంటే ఒక చాప, ఒక స్టవ్వు) మదనపల్లెలో. పంతులు జీతమంటే ఊరందరికీ అనుమానమే. ‘‘సార్లకేమప్పా, జీతం లావు, పని సన్నం’’ అని టీకొట్టాయన నా మొహం మీదే అనేవాడు. అలా వినీ వినీ నాకూ అందరి మీదా అనుమానం పట్టుకుంది.

ఒకరోజు బడికి ఎదురుగా, ఆ టీకొట్టు బల్ల మీద తెల్లచొక్కా పెద్దమనిషి ఒకాయన వెలిశాడు. పొద్దున బెల్లు కొట్టగానే చేతి గడియారం చూసుకున్నాడు. సాయంత్రం బెల్లుకూ అదే పని. మరునాడూ వచ్చాడు. మా హెడ్మాస్టరమ్మ కిటికీ రెక్క ఓరగా తీసి చూసి, గొంతు తగ్గించి, ‘‘అనుమానమే లేదు నాయనా, చెకింగే. నిన్నే సూస్తాండాడు. నీ ఉద్యోగమింకా పక్కా కాలేదు, జాగ్రత్త’’ అంది.

ఇక చూడండి నా అవస్థ. సాయంత్రం బస్సు కళ్లముందే వెళ్లిపోతున్నా కదలక, చదువులో వెనకబడిన పిల్లల్ని కూర్చోబెట్టి ఎక్కాలు చెప్పించాను (టీకొట్టు దాకా వినబడేలా). ‘‘యాల సార్ మాకీ శిక్ష?’’ అని వాళ్లు ఏడుపుముఖాలు పెట్టారు. ఆయన కదలడు, నేనూ కదలను. చివరికి ఉండబట్టలేక వెళ్లి, ‘‘సార్, నా డ్యూటీలో ఏమన్నా లోపం ఉండాదా?’’ అని అడిగేశాను.

ఆయన ఉలిక్కిపడ్డాడు. ‘‘డ్యూటీ యాడిదప్పా? మాది కుప్పం. మా అన్న కూతుర్ని నీకిద్దామని మాటలు నడస్తాండాయి. మీయమ్మ సెప్పలేదా? పిల్లోడు ఎట్లాంటోడో సూసి రమ్మన్నారు’’ అన్నాడు. నేను తేరుకునేలోపే నిట్టూర్చి, ‘‘టీచరంటే బెల్లు కొట్టినంక ఇంటికొస్తాడనుకుంటిమి. నువ్వు సూస్తే సీకటి పడినా కదలవే! మా పిల్లకు కష్టమప్పా’’ అని లేచి బస్సెక్కేశాడు.

సంబంధం పోయిందనే అనుకున్నాను. కానీ అమ్మాయి ఒప్పుకుందని అమ్మ ఫోను చేసింది! నాకు అదీ అనుమానమే. కుప్పంలో పెళ్లిచూపులనాడు, పెద్దవాళ్లు పక్కకు వెళ్లగానే ఎందుకు ఒప్పుకున్నావని అడిగాను. ‘‘ఇంటి పట్టున ఉండే మొగుడైతే వంటింట్లోకొచ్చి వంకలు పెడతాడంట. మా సిన్నాయన సెప్పినాక, మీతో ఆ బాధ ఉండదనుకున్నా’’ అంది, నవ్వకుండా.

పెళ్లయి మళ్లీ బడికెళ్లిన మొదటిరోజు, బెల్లు కొట్టగానే పరుగున బస్సెక్కి, మల్లెపూల పొట్లంతో గది ముందు వాలాను. ఆమె తలుపు సగమే తీసి, గడియారం చూసి, నన్ను చూసి, ‘‘యాల ఇంత బిరీన వచ్చినారు? బడిలో ఏమన్నా అయిందా? ఉద్యోగం ఉండాదా?’’ అంది. గుమ్మంలోనే నిలబడి చాలాసేపు సంజాయిషీ చెప్పుకున్నాను. పూలు వాడిపోతాయేమోనని బెంగపడుతూ నిలబడ్డ ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. పాపం, లోపలికి రావడానికి వాడికెంత తొందరో!