అత్తమ్మ పేరు మీద గ్యాస్

మా అత్తమ్మ చనిపోయాక కూడా రెండేళ్లకు పైగా మా ఇంటికి గ్యాస్ ఆమె పేరు మీదే వచ్చింది. సిలిండర్లు తెచ్చే అతను ఆటో ఆపి, గేటు బయటి నుంచే ఆమె పేరు పెట్టి గట్టిగా పిలిచేవాడు. ఆ పిలుపు వినబడితే మామ ఏ పనిలో ఉన్నా వదిలేసి లేచేవాడు. "ఆఁ, వస్తున్నం" అని ఆమె తరఫున తనే పలికేవాడు. ఆ పూటంతా ఆయన ముఖం తేటగా ఉండేది. నేను వంటింట్లోంచి చూసేదాన్ని.

నా పుట్టిల్లు సూర్యాపేట. అత్తగారి వాళ్లది నడిగూడెం దగ్గర ఊరు, గొర్లు కాసుకునే కుటుంబం. మా ఆయనకు కోదాడలో ఒక రైస్ మిల్లులో గుమాస్తా పని దొరికాక గొర్లమ్మేసి అందరూ కోదాడకు వచ్చి కిరాయి ఇంట్లో దిగారు. మహిళా సంఘాల్లో ఉన్న ఆడవాళ్లకు గవర్నమెంటు గ్యాస్ ఇస్తున్న రోజులవి. అత్తమ్మకు కూడా వచ్చింది. నేను కోడలిగా వెళ్లేసరికి ఆ పొయ్యి ఆ ఇంట్లో ఒక మనిషిలా ఉండేది. వంట కాగానే అత్తమ్మ దాన్ని తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో తుడిచి, మీద ఒక పాత జాకెట్టు ముక్క కప్పేది. పొంగిన పాలచుక్క దాని మీద ఎండిపోతే నాకు మాట పడేది. మిగతా దేనికీ ఆమె నన్ను కోప్పడిన గుర్తు లేదు.

జ్వరమని అత్తమ్మను దవాఖానకు తీసుకుపోయాం. వారం తిరక్కుండానే పోయింది. తర్వాత కొన్నాళ్లకు మా ఆయనకు మిర్యాలగూడలో పెద్ద మిల్లులో పని కుదిరింది. కోదాడ ఖాళీ చేసి వచ్చేశాం. నేను ఇక్కడ ఒక ప్రైవేటు బడిలో టీచరుగా చేరాను. గ్యాస్ బదిలీ చేయించే పని మామ తన మీద వేసుకున్నాడు. కోదాడ ఏజెన్సీలో సిలిండరు, రెగ్యులేటరు అప్పజెప్పి, వాళ్లిచ్చిన కాగితం తెచ్చి మిర్యాలగూడ ఏజెన్సీలో ఇచ్చాడు. పేరున్న మనిషి ఏదని వాళ్లూ అడగలేదు, ఈయనా చెప్పలేదు. కొత్త ఊళ్లో కూడా అత్తమ్మ పేరే పడింది.

అప్పటికి తక్కువ ధర సిలిండర్లు ఏడాదికి ఇన్నే అని గవర్నమెంటు లెక్క పెట్టింది. అవి దాటితే పూర్తి ధర కట్టాలి. మేం పొదుపుగానే వాడుకునేవాళ్లం. అలాంటిది, ఏడాది సగం కూడా గడవకముందే ఒకరోజు ఆటో అతను పూర్తి ధర బిల్లు చేతిలో పెట్టాడు.

మామ చెప్పులేసుకుని ఏజెన్సీకి పోయాడు. కౌంటర్లో ఉన్న మేడం కంప్యూటర్లో చూసి చెప్పింది.

"ఒకే పేరు మీద రెండు ఊర్లల్ల గ్యాస్ పోతున్నది పెద్దయ్యా. ఈడ మీరు తీసుకునుడు, కోదాడల కూడా తీసుకునుడు. కోటా ఉంటదా మరి?"

"మేం కోదాడ ఇడిసిపెట్టి వచ్చినం గదమ్మా. బండ గూడ ఆడ్నే ఇచ్చి వచ్చిన."

"అయితే వాళ్లు బంద్ చెయ్యలేదు. వాళ్లనే అడుగుండ్రి."

మర్నాడే కోదాడ బస్సెక్కాడు. సాయంత్రం వచ్చి అరుగు మీద కూలబడ్డాడు. కోదాడ వాళ్ల మాట ఇంకోలా ఉంది. "మేం బదిలీ చేసి పంపినం. వాళ్లే సరిగ్గ ఎక్కించుకోలె. బిల్లు వాళ్లేసిండ్రు, వాళ్లే తియ్యాలె" అన్నారట. ఆ మాట మిర్యాలగూడలో చెబితే, "వాళ్ల తప్పు మా మీదేస్తరా?" అని మేడం విసుక్కుంది. మళ్లీ కోదాడ. మళ్లీ మిర్యాలగూడ. ఏ ఊరికి పోయినా ఆయనకు మంచినీళ్లిచ్చారు, కూర్చోమన్నారు, రెండో ఊరికి పొమ్మన్నారు.

మా ఆయన విసిగిపోయాడు. "అమ్మ పేరు తీసేయించి నా పేరు మీద కొత్తది తీసుకుంటే పోదా?" అన్నాడు ఒక రాత్రి అన్నం తింటూ.

మామ కంచంలో చెయ్యి కడుక్కుని లేచిపోయాడు.

ఆ తర్వాతి శనివారం నేను బడికి సెలవు పెట్టాను. "నేనొస్త మామా, ఇద్దరం పోదాం" అన్నాను. ఆయన తెల్లటి ధోతి కట్టుకుని బయల్దేరాడు.

కోదాడ ఏజెన్సీలో కంప్యూటర్ ముందు ఉన్న క్లర్కుకు ముప్పై ఏళ్లుంటాయేమో. మామను చూడగానే నిట్టూర్చాడు. నేను అడిగాను.

"మేం ఇక్కడ లేం గదా సార్. మరి ఆ సిలిండర్లు ఎవరింటికి పోతున్నయి?"

"ఎవరింటికో ఎందుకు పోతయమ్మా? మీ ఇంటికే పోతున్నయి. అడ్రసు ఇదే." బస్టాండు వెనక మేమున్న ఇల్లే చెప్పాడు.

మామ, నేను ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఆ ఇల్లు అక్కడికి దగ్గరే. నడుచుకుంటూ పోయాం.

తలుపు తీసిన అమ్మాయికి ఇరవై ఏళ్లు దాటి ఉంటాయి. భుజం మీద నెలల బిడ్డ. మేం ఇంతకుముందు ఆ ఇంట్లో ఉన్నవాళ్లమని చెప్పగానే, "అయ్యో, రండి, లోపలికి రండి" అని చాప వేసింది. వాళ్లది జగ్గయ్యపేట అవతల. భర్త లారీ డ్రైవరు. నెలలో సగం రోజులు ఇంట్లో ఉండడట.

నేను గ్యాస్ సంగతి ఎత్తాను. ఆ అమ్మాయి దాచలేదు. దాచాల్సిన విషయమని ఆమెకు తెలిస్తే కదా.

"పుట్టింటివాళ్లు పొయ్యి, ఒక ఖాళీ బండ ఇచ్చారక్కా. ఇంటి ఓనరుని అడిగితే, ఈ ఇంటికి గ్యాస్ నంబరు ఉంది, ఫోన్ చేసి చెప్పు, తెచ్చేస్తారు అన్నాడు. అదే చెప్పేదాన్ని. ఏం, తప్పా?"

"నంబరు నీకెట్ల తెలిసింది?"

"వంటింట్లో రాసుంది కదండీ."

అప్పటికి గాని నాకు గుర్తు రాలేదు. వంటింట్లోకి వెళ్లాం. గోడలన్నీ కొత్తగా సున్నం వేసి ఉన్నాయి. పొయ్యి వెనక మాత్రం పుస్తకమంత మేర పాత గోడను అలాగే వదిలేశారు. అందులో, గడపకు వేసే ఎర్ర రంగుతో, ఒక నంబరు. కింద అత్తమ్మ పేరు. సంఘం ఆడవాళ్లకు సాయంత్రాలు చదువు చెప్పే రోజుల్లో నేర్చుకున్న అక్షరాలు. వంకర్లు పోయి, ఒకటి పెద్దగా, ఒకటి చిన్నగా. ఒక తొమ్మిది తిరగబడితే దాని మీదే మళ్లీ దిద్దింది.

"సున్నం వేసేటప్పుడు ఇది కూడా వేసేయమన్నారు మావారు. ఎవరో పెద్దావిడ శ్రద్ధగా రాసుకున్నట్టుంది, చెరపబుద్ధి కాలేదు. ఫోన్ చేసినప్పుడల్లా ఆవిడ పేరే చెబుతా. ఈ వీధిలో పిల్లలు నన్ను కూడా ఆ పేరుతోనే ఏడిపిస్తారు" అని నవ్వింది.

మామ గోడ దగ్గరికి పోయాడు. వేళ్లతో తడమబోయి, రంగు ఊడుతుందనుకున్నాడో ఏమో, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఇది రాసిన్నాడు నన్ను పిల్సింది బిడ్డా. సదువు, సదువు అన్నది. నాకు సదువొస్తదా? సూసి, బాగున్నదే అన్న. దానికే ఎంత సంబురపడ్డదో."

ఆ అమ్మాయికి అర్థమైంది. నవ్వడం మానేసింది. బిడ్డను ఇంకో భుజానికి మార్చుకుని, "అమ్మగారు లేరాండీ?" అంది మెల్లగా. నేను తలూపాను. అప్పుడు నేను జరిగినదంతా వివరంగా చెప్పాను. ఆమె ముఖం పాలిపోయింది. "మా మీద కేసు పెడతారా తాతగారూ? మావారు ఊళ్లో కూడా లేరు" అంది.

"కేసెందుకమ్మా? నువ్వేం దొంగతనం జేసినవా? పా, మాతోని ఆఫీసుకు రా. పిల్లగానికి టోపీ పెట్టు, ఎండ ఉన్నది."

మళ్లీ ఏజెన్సీకి ముగ్గురం, చంకలో బిడ్డతో పోయాం. సంగతి వినగానే క్లర్కు నిటారుగా కూర్చున్నాడు. అతనికి తప్పు మోపడానికి ఒక మనిషి దొరికింది.

"చూశారా! మా తప్పేం లేదు. వేరేవాళ్ల నంబరు మీద గ్యాస్ తీసుకునుడు నేరం. పెద్దయ్యా, మీరు ఈమె మీద కంప్లైంటు రాసియ్యండి, మిగతాది నేను చూసుకుంటా."

అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. మామ బల్ల మీద రెండు చేతులూ ఆనించాడు.

"నేను రాసియ్య సారూ. ఆ పిల్లకు ఏం తెల్వది. గోడ మీద ఉన్నది, సెప్పింది. మీరు బంద్ జేసి ఉంటే బండలు పోయేటివి కావు గద? తెచ్చి ఇచ్చింది మీ మనిషే గద?"

క్లర్కు కొంచెం తగ్గాడు. కాసేపు కంప్యూటర్లో ఏదో చూసి, "సరే. ఇదంతా ఎందుకు? పేరున్న అమ్మను ఒక్కసారి తీసుకురండి. నేనిక్కడ లేను, అక్కడే ఉన్నానని సంతకం పెడితే నిమిషంలో అయిపోతది" అన్నాడు.

"ఆమె రాదు సారూ."

"నడవలేదా? ఫరవాలేదు, ఇంటికి మనిషిని పంపమని మిర్యాలగూడ వాళ్లకు చెప్తా."

నేను నోరు తెరవబోయాను. మామ నా చేతి మీద చెయ్యి వేసి ఆపాడు.

"సచ్చిపోయింది. రెండేండ్లు దాటింది. నేనే సెప్పలె. సెప్తే పేరు కొట్టేస్తరని సెప్పలె. బండి వచ్చినప్పుడల్లా పిలుస్తరు సారూ... ఇంకెవ్వరు పిలుస్తరు ఆమెను?"

రెండేళ్లలో ఆ మాట మామ నోట నేను వినడం అదే మొదటిసారి. ఇంట్లో ఎప్పుడూ "మీ అత్త ఉన్నప్పుడు" అనేవాడు గాని పోయింది అనేవాడు కాదు. నాకు ఏడుపు ఆగలేదు. ఆ అమ్మాయి తన కొంగుతో నా కళ్లు తుడిచింది.

క్లర్కు లేచి పోయి గ్లాసుతో నీళ్లు తెచ్చి మామకిచ్చాడు. తర్వాత ఫోన్ తీసి మిర్యాలగూడ ఏజెన్సీకి కలిపాడు. అవతల ఆ కౌంటర్ మేడమే. మొదట రెండు మాటలు గట్టిగానే నడిచాయి. మీరు ఎక్కించలేదంటే మీరు తియ్యలేదని. అంతలో ఇతను గొంతు తగ్గించాడు.

"మీదా మాదా అన్నది తర్వాత చూసుకుందాం మేడం. పెద్దమనిషి నా ముంగట కూర్చున్నడు. ఎన్నిసార్లు తిప్పుదాం చెప్పండి? ఇక్కడి నంబరు నేను ఇప్పుడే మూసేస్తున్న. ఇక్కడ పోయినవి వాళ్ల లెక్కల రాకుండ రాసి పంపుతా. మీరు అక్కడ సరిచేసుకోండి."

అవతల మేడం సరేనంది. అతను "థాంక్స్ మేడం" అని పెట్టేశాడు. మేం అదనంగా కట్టింది రాబోయే బిల్లుల్లో తగ్గిస్తామన్నారు. అన్నట్టే తగ్గించారు. ఆ అమ్మాయికి సొంతంగా కొత్త కనెక్షన్ రాయడానికి ఇంటి ఓనరు వచ్చి సంతకం చేస్తే చాలన్నాడు. మామే పోయి ఆ ఓనరుని పిలుచుకొచ్చాడు.

చివరికి క్లర్కు అడిగాడు. "పేరు మార్చక తప్పదు పెద్దయ్యా. ఎవరి పేరు రాయమని చెప్పాలె? మీ కొడుకుదా?"

"మా కోడలిది రాయమను. పొయ్యి కాడ ఉండేది ఆమెనే గద."

తిరుగు ప్రయాణంలో హుజూర్‌నగర్ దాటేదాకా మామ కిటికీలోంచి పొలాలు చూస్తూ కూర్చున్నాడు. ఉన్నట్టుండి తనలో తనే నవ్వుకున్నాడు.

"పొయ్యి వచ్చిన్నాడు మీ అత్త ఏం జేసిందో ఎరుకేనా? భయమయితది, నువ్వే ముట్టియ్యి అని నాకు అగ్గిపెట్టె ఇచ్చింది. నేను ముట్టిచ్చి, బుస్సుమనంగనె బయటికి ఉరికిన. సందు సివరికి ఉరికిన. మల్ల జూస్తే వెనక ఎవ్వరు లేరు. మెల్లగ వచ్చి తొంగి సూస్తే, ఆమె పొయ్యి మీద చాయ్ పెట్టుకొని, కూసోని తాగుతున్నది. నీకు కూడ పొయ్యాల్నా, మల్ల ఉరుకుతవా అన్నది."

బస్సులో అందరూ తిరిగి చూసేలా నవ్వాం ఇద్దరం. మామ కండువాతో కళ్లొత్తుకున్నాడు.

కొత్త పేరుతో మొదటి సిలిండర్ వచ్చినరోజు ఆటో అతను నా పేరు పిలిచాడు. వంటింట్లో ఉన్న నాకే కొత్తగా అనిపించి ఒక్క క్షణం కదల్లేదు. మామ అరుగు మీది నుంచి, "నిన్నే బిడ్డా, పో" అన్నాడు. ఆయన గొంతు మామూలుగానే ఉంది. అత్తమ్మ పేరు వినబడకపోతే ఆయన ఏమైపోతాడోనన్న నా భయం తీరింది.

ఆ తర్వాతి ఎండాకాలం ఎన్నికలొచ్చాయి. మామ ఓటు ఇంకా కోదాడలోనే ఉండిపోయింది. ఆ అమ్మాయి ఫోన్ చేసింది. "తాతగారూ, ఓటు స్లిప్పులొచ్చాయి. మీదీ, అమ్మగారిదీ. ఏం చేయమంటారు?"

"భద్రంగ పెట్టమ్మా, నేనొస్తున్న" అన్నాడు.

పొద్దున్నే పోయి ఓటేసి, చీకటి పడ్డాక ఇంటికొచ్చాడు. స్లిప్పుల సంగతి నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. కాళ్లు కడుక్కుంటూ మొదలుపెట్టాడు. పిల్లగాడు ఇప్పుడు నడుస్తున్నాడట. మామ చేతికర్ర గుంజుకుని ఇల్లంతా తిరిగాడట. మధ్యాహ్నం ఆ అమ్మాయి గోంగూర పప్పు చేసి పెట్టిందట.

"మంచిగ వండింది. కాని జర కారం ఎక్కువేస్తది ఆ పిల్ల" అని, చెంబు నాకిచ్చి, "అన్నం పెట్టు బిడ్డా, ఆకలైతున్నది" అన్నాడు.