తుంగ పీకిన చోట

2022 ఏప్రిల్. తార్నాకలో, యూనివర్సిటీ క్యాంపస్ ప్రహరీగోడను ఆనుకుని ఉన్న స్థలంలో ఒక కమర్షియల్ కాంప్లెక్స్ పని మొదలైంది. అక్కడి వాననీటి డ్రైనేజీ డిజైన్ నాది. నీళ్ళు పల్లానికి పోతాయని అందరికీ తెలుసు. ఎన్ని పోతాయో, ఎంత పైపు పడుతుందో తేల్చేవాడు ఇంజనీరు. ఇరవై ఏళ్ళుగా చేస్తున్న పని. నా డిజైన్ మీద నాకు ఎప్పుడూ నమ్మకమే. ఇప్పటికీ ఉంది.

క్యాంపస్ బండల మీద పడిన వాన గోడ కింది తూముల్లోంచి మా సైట్‌లోకి దిగేది. అక్కడ గోడ పొడవునా తుంగ దుబ్బులు, నాలుగు కానుగ చెట్లు ఉండేవి. మా పనిలో క్లియరింగ్ అండ్ గ్రబ్బింగ్ అని ఒకటుంది. అంటే కట్టడానికి ముందు చెట్టూచేమా వేళ్ళతో సహా తీసేయడం. భూమిపూజ నాటికి స్థలం అద్దంలా ఉండాలని ఓనరు శ్రీనివాస్ గారి పట్టుదల. ఎండలకు ఎండిన తుంగ నా కంటికీ చెత్తలాగే కనిపించింది. డ్రాయింగ్‌లో దాని మీద ఎర్రగీత కొట్టింది నేనే. నీడకు పనికొస్తాయని కానుగలు మాత్రం బతికాయి.

జేసీబీ ఒక్కపూటలో అంతా చదును చేసింది. క్యాంపస్ తోటమాలి యాదగిరి గోడ మీంచి తొంగిచూశాడు.

"గడ్డి మొత్తం తీసిన్రా సార్? మట్టిని ఆపేది గదే గదా."

"పెద్ద పైపు వేస్తున్నాం యాదగిరీ, నీకెందుకు బెంగ?" అన్నాను. ఇంతటి ఇంజనీరుకు గడ్డి గురించి చెప్పడం దేనికనుకున్నాడో ఏమో, వెళ్ళిపోయాడు.

జూన్‌లో ఒక మధ్యాహ్నం మొదటి పెద్దవాన పడింది. పైపు సైజులో తప్పు లేదు. కానీ నీళ్ళు పైపులోకి దిగే చోట, అంటే ఇన్‌లెట్ దగ్గర, ఇనప జాలీ అరగంటలో బురదతో పూడుకుపోయింది. నీళ్ళు సైట్ దాటి, లాలాపేట్ వైపు దిగే సందులోకి మళ్ళాయి. అందులో మొదటి ఇల్లు సుగుణ టీచర్‌ది. ఆమెది గుంటూరు వైపు. మిషన్ స్కూల్లో చేసి రిటైరయ్యాక, పనికి వెళ్ళే తల్లుల పిల్లల్ని ముందుగదిలో చూసుకుంటున్నారు.

నేను పరుగున వెళ్ళేసరికి పిల్లలంతా మంచం మీద వరసగా కూర్చుని ఉన్నారు. కింద ఎర్రనీళ్ళలో చాపలు, చెప్పులు తేలుతున్నాయి. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

"ముప్పై ఏళ్ళల్లో మా గడప దాటి చుక్క రాలేదండీ. ఇంకోసారి ఇలాగైతే ఏ తల్లీ బిడ్డని పంపదు. పంపమని అడగడానికి నాకూ నోరు రాదు," అన్నారు టీచర్.

"ఇక రావు టీచర్."

"మాటలొద్దు. రాసి సంతకం పెట్టివ్వండి."

మా వృత్తిలో ఇంగితం ఉన్నవాడెవడూ అలాంటి కాగితం ఇవ్వడు. పిల్లలు నాకేసే చూస్తున్నారు. 'ఈ ఇంట్లోకి సైట్ నీళ్ళు రావు' అని రాసి సంతకం పెట్టాను.

మర్నాడు నేరుగా యాదగిరి దగ్గరికి వెళ్ళి తప్పు ఒప్పుకున్నాను. అతను నవ్వాడు. "తుంగ మొండిది సార్. వానల్ల నాటితే ఊకనే అంటుకుంటది. మా దిక్కు మస్తున్నది, ఆఫీసుల అడిగి తీస్కపోండ్రి."

గోడ పొడవునా స్వేల్ గీశాను. అంటే వెడల్పుగా, లోతు తక్కువగా ఉండే పచ్చిక కాలువ. నీటి వేగం తగ్గించి మట్టిని తనలోనే ఉంచుకుంటుంది. దాని చివర బురద దిగడానికి గుంట, ఆ తర్వాతే ఇన్‌లెట్. చిక్కల్లా ఒకటే, దానివల్ల ఎనిమిది కార్ల చోటు పోతుంది.

"ఏంది సార్, గడ్డి కోసం పార్కింగ్ తీసేస్తరా? నలుగురు వింటే నవ్వుతరు!" అని శ్రీనివాస్ గారు లేచారు.

వాదించలేదు. ఆయన్ను టీచర్ ఇంటికి తీసుకెళ్ళి గోడ మీద జానెడు ఎత్తున మిగిలిన బురద చార చూపించాను. "ఇక్కడ నా మాట ఇచ్చాను. స్వేల్ వద్దంటే వేరే ఇంజనీర్ని చూసుకోండి," అన్నాను.

ఆయన వంగి ఆ చారను వేలితో గీరి చూశారు. "కానియ్యండి. పిల్లలతోని పరేషానొద్దు," అన్నారు. ఆ వారమే, చినుకుల్లోనే యాదగిరి దగ్గరుండి తుంగ నాటించాడు.

అక్టోబరులో జూన్‌ను మించిన వాన పడింది. నేను సైట్‌కు పోలేదు, టీచర్ ఇంటికి పోయాను. ముందుగదిలో పిల్లలు పాడుకుంటున్నారు. నా కాగితం గోడకు అతికించి ఉంది, సరిగ్గా ఆ బురద చార మీద.

"ఇంత కిందనా టీచర్?"

"నీళ్ళొస్తే ముందు తడవాల్సింది మీ సంతకమే కదండీ."

సాయంత్రం వాన వెలిసేదాకా గడప దగ్గరే కూర్చున్నాను. కాగితం తడవలేదు.

లెక్కలు ఇప్పటికీ ధైర్యంగానే వేస్తాను. కానీ ఏ డ్రాయింగ్ మీద సంతకం పెట్టాలన్నా ముందు పల్లం వైపు నడిచి, మొదట వచ్చే ఇంటి తలుపు కొడతాను. నా సంతకాన్ని ఆ ఇంటివాళ్ళు తమ గోడ మీద ఎంత ఎత్తున అతికిస్తారో ఊహించుకుని గానీ పెన్ను తీయను.