ఎదురుకాళ్ల పిల్ల, నిధి సినిమా

అన్నంలో పప్పు కలుపుతున్న నా చెయ్యి ఆగిపోయింది. ఒంటిపూట బడి నుంచి వచ్చిన మా అమ్మాయి, తమ్ముడి కంచంలోంచి అప్పడం లాక్కుంటూ, అదేదో రోజూ జరిగే సంగతిలా చెప్పింది.

"జీడితోట కాడ ఒకాయన ఆపినాడమ్మా. ఎదురుకాళ్లతో పుట్టిన పాపవి నువ్వేనేటని అడిగినాడు. ఔనన్నాను. ఆదోరం ఇంటికాడే ఉంటావా అన్నాడు."

టెక్కలి ఆసుపత్రిలో అది పుట్టినప్పుడు తలకు బదులు పాదాలు ముందు బయటికి వచ్చాయి. ఆ సంగతి మా ఇంట్లోవాళ్లకు, ఇరుగుపొరుగుకు తప్ప ఎవరికీ తెలియదనుకున్నాను.

ఇంకెప్పుడైనా అయితే అంత భయపడేదాన్ని కాదేమో. ముందటి ఆదివారమే పక్కింటివాళ్లు పలాస నుంచి వీసీడీ ప్లేయరు అద్దెకు తెచ్చి ఒక పాత నలుపు తెలుపు సినిమా వేశారు. పాడుబడ్డ బంగళా, దాని కింద నిధి, ఒకరికి తెలియకుండా ఒకరు తవ్వుకునే దొంగలు. చివరికి అందరూ ఒకరి గోతిలో ఒకరు పడతారు. దొంగ మాంత్రికుడి గడ్డం ముళ్లకంపకు తగులుకుని ఊడి వచ్చినప్పుడు వాకిలి నిండా కూర్చున్న జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. ఆ మాంత్రికుడే తమలపాకుకు అంజనం పూసి చూసి, ఎదురుకాళ్లతో పుట్టిన పిల్ల అడుగు పెట్టిన చోట నిధి బయటపడుతుందని చెబుతాడు. దొంగలు పిల్లను గోనెసంచిలో కట్టి తెస్తారు. విప్పితే లోపల మేక. మళ్లీ నవ్వులు. ఎవరో మా అమ్మాయిని చూపించి, మనూరి నిధి ఇక్కడే ఉందన్నారు. నేనూ నవ్వాను. ఇంటికి వచ్చాక మాత్రం ఆ గోనెసంచే కళ్లముందు తిరిగింది. పేపర్లో అప్పుడప్పుడు వచ్చే గుప్తనిధుల వార్తల్లో సంచిలోంచి మేకలు రావు.

ఆ మనిషి ఎలా ఉన్నాడని అడిగాను. వంగి నడుస్తాడు, చేతిలో గునపం ఉంది అంది. అప్పుడు గుర్తుకొచ్చాడు. మా కంచె అవతల కొబ్బరితోటలో నేనూ చూశాను. నేలలో దేనికోసమో వెతుకుతున్నట్టు చూపు దించుకుని నడిచేవాడు. కాస్త దూరం పోయి చెట్టుకు చెయ్యి ఆనించి నిలబడిపోయేవాడు. ఊరికి కొత్త. తోట చివరి పాకలో ఉంటున్నాడు.

మా ఆయన పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. సాయంత్రం రైలుకి సుమ్మాదేవి స్టేషన్లో దిగి ఇంటికి రాగానే అంతా చెప్పాను.

"కొబ్బరికాయలు వలిచేవోడి సేతిలో గునపం కాక పెన్ను ఉంటదేటి? సినిమా నీకు బాగా ఎక్కీసింది" అన్నాడు.

"వలిచేవాడికి నా కూతురు ఎలా పుట్టిందో ఎందుకు?"

ఆయన కాళ్లు కడుక్కోవడానికి వెళ్లిపోయాడు.

ఆ వారం మిగిలిన రోజులు పిల్లను బడికి పంపలేదు. గుచ్చిగుచ్చి అడిగేదాన్ని. అడిగినప్పుడల్లా అది ఉత్సాహంగా ఇంకొకటి చేర్చేది. కళ్లు ఎర్రగా ఉన్నాయంది. భుజాన సంచి కూడా ఉందంది. ఆ సంచి దారిలో చూసిందో సినిమాలో చూసిందో దానికే తెలియదు. మా అత్త ఉంటే ఆరా తీసేదే, కానీ ఆవిడ అక్కుపల్లిలో కూతురింట్లో ఉంది.

ఆదివారం మా ఆయన వాళ్లమ్మను తీసుకురావడానికి వెళ్లిన కాసేపటికే గేటు చప్పుడైంది. కిటికీలోంచి చూశాను. ఆ మనిషే. గునపం గోడకు ఆనించి, మెల్లగా వాకిట్లోకి వచ్చాడు. తలుపు గడియ వేసి, పిల్లలిద్దరినీ నా వెనక్కి లాక్కున్నాను.

"తల్లీ, పాపని ఓపాలి బయటికి పంపుతావేటి?"

"ఏం పని?"

"నడుం పట్టీసింది. కాయ వలవనేకపోతన్నాను. మా మనవరాలు ఎదురుకాళ్ల పిల్ల, ఆదోరం పూట దాని సేత తొక్కించుకో, దెబ్బకి వదిలిపోద్దని మీ యత్తే ఊరెల్తూ సెప్పింది."

నా జవాబు కోసం చూడకుండానే ఇసకలో బోర్లా పడుకున్నాడు. కంచె అవతల నుంచి పక్కింటావిడ, తలుపు తియ్యమ్మా, మా నాన్నక్కూడా అలాగే తగ్గింది అంటోంది. అది నాకు తెలియని ఆచారమూ కాదు. టెక్కలిలో మా వీధిలో ఒక ముసలాయన ఇలాగే తొక్కించుకునేవాడు. ఆ వారమంతా అది ఒక్కసారీ గుర్తుకు రాలేదు.

అయినా గడియ తియ్యలేదు. పిల్లను దారిలో ఒంటరిగా ఎందుకు ఆపావని అడిగాను.

ఇసక అంటుకున్న చెంప పైకెత్తాడు. "ముందు ఇంటికే వచ్చినానమ్మా. ఏటీ వద్దు, ఎల్లు అని కిటికీలోంచే తోలీసినావు."

నిజమే. ఏదో అమ్ముకునేవాడనుకున్నాను.

తలుపు తీసి, పిల్ల చెయ్యి పట్టుకునే తీసుకెళ్లాను. అది తొక్కుతున్నంతసేపూ చెయ్యి వదల్లేదు. నా చూపు గునపం మీదే ఉంది. ఆయన మూలుగుతూ, ఇంకాస్త గట్టిగా తొక్కు తల్లీ అన్నాడు. లేచినప్పుడు నడుం పూర్తిగా నిటారు కాలేదు గాని మొహంలో నొప్పి తగ్గింది. ఇంకో రెండు ఆదివారాలు వస్తానని దణ్ణం పెట్టి వెళ్లాడు. నాకు సిగ్గేసింది. గుండె కూడా తేలికపడింది.

అది సాయంత్రం దాకానే. పొద్దు వాలేసరికి నేను ఎరగని మనుషులు ఇద్దరు గేటు దగ్గరికి వచ్చి, నడుం తొక్కే పాప ఇల్లు ఇదేనా అని అడిగారు. అప్పటికే ఊరి నుంచి వచ్చిన మా అత్త మురిసిపోతూ లోపలికి రమ్మంది. నేను వాళ్ల మొహాలు చూస్తూ నిలబడ్డాను. నడుం నొప్పి మొహం మీద రాసి ఉండదు. ఏ మాట అంటే నా కూతురు దారిలో ఆగుతుందో ఇప్పుడు ఊరందరికీ తెలుసు.

మర్నాడు పొద్దున్న జడ వేస్తూ పిల్లలిద్దరికీ చెప్పాను. "నడుం తొక్కడం మంచి పనే. ఎవరొచ్చినా తొక్కుదువుగాని. కానీ మన వాకిట్లోనే, నేను పక్కనున్నప్పుడే. దారిలో ఎవరైనా నీ కాళ్ల సంగతి అడిగితే, మా అమ్మనడగండి అని చెప్పి నడుస్తూనే ఉండు. నిన్న నడుం తొక్కించుకున్న తాతే అడిగినా ఆగొద్దు. తమ్ముడూ, నువ్వు అక్క చెయ్యి వదలకు."