జాన పెట్టి చూపించండి

ఫోటో చూసి బోల్తా పడ్డ పెళ్ళికొడుకుల ఊరేగింపుల్లో చాలా ఏళ్ళు వాయించాను. ఫోటో చూసే నేనూ బోల్తా పడ్డానని ఒప్పుకోక తప్పదు. నా ఫోటోలో ఉన్నది పిల్ల కాదు, క్లారినెట్. తీరా చేతికొచ్చాక చూస్తే పిల్ల క్లారినెట్.

మా సత్తుపల్లి బ్యాండులో ముందు నిలబడి పాట ఎత్తుకునేది నేను. ఒక చలికాలం నా క్లారినెట్ నిలువునా చీలింది. "కొత్తది వచ్చేదాకా ఎనక నిలబడి గిలకలు ఊపు. పెండ్లిళ్ళు మొదలయ్యేలోపు రాకపోతే వేంసూరు నుంచి ఇంకొకణ్ణి తెస్త" అన్నాడు బ్యాండు మేస్త్రి. గలగలమని గిలకలు ఊపాను. గిలకలకంటే నా గుండే ఎక్కువ ఊగింది.

అప్పట్లో కంప్యూటరు చూడాలంటే బస్టాండు పక్క ఇంటర్నెట్ సెంటరుకే వెళ్ళాలి. అక్కడ వెతికితే అమెరికాలో ఒకాయన క్లారినెట్ అమ్ముతున్నాడు గానీ దేశం దాటించడట. దానికీ ఉపాయం ఉంది. అక్కడి గోడౌనువాళ్ళు వస్తువును మన పేరున దించుకుని, పెట్టె విప్పి, ఫోటో తీసి పంపుతారు. మనం సరే అంటేనే ఇటు పంపిస్తారు. ఫోటో వచ్చింది. నల్లటి ఒళ్ళు, వెండి మీటలు, తెల్లగుడ్డ మీద ఒంటరిగా పడుకుని ఉంది. ఆ ఒంటరితనమే మోసం. పక్కన ఇంకో వస్తువు లేకపోతే ఎంతదో ఎలా తెలుస్తుంది? మురిసిపోయి సరే అని కొట్టించాను.

బ్యాండువాళ్ళందరి ముందూ పార్సిల్ విప్పాను. అది చిన్నపిల్లలు నేర్చుకునేది. పెద్ద డోలు వాయించే మా బావమరిది వంగి చూశాడు.

"బావా, దీని తల్లి యాడుంది? పాలకు ఏడుస్తదేమో!"

ఊదితే నిజంగానే ఏడ్చింది.

రెండోసారి ఇంకొకరి దగ్గర కొన్నాను. మా వైపు తాడైనా గుడ్డైనా జాన పెట్టి చూడందే కొనం. ఆ బుద్ధి మొదటిసారి ఏమైందో తెలియదు. ఈసారి మాత్రం గోడౌనుకు ఇంగ్లీషులో రాయించాను: "దాని మీద మీ చెయ్యి పూర్తిగా చాపి, కింది నుంచి పైదాకా కొలుస్తూ ఫోటోలు తీయండి."

"గిట్ల అడిగితే నవ్వుతరే అన్నా" అన్నాడు సెంటరు ఓనరు.

"నవ్వనియ్. ఈడ నవ్విండ్రు, ఆడ గూడ నవ్వితే పోయేదేంది?"

ఫోటోలు వచ్చాయి. ఎవరిదో పెద్ద చెయ్యి క్లారినెట్ మీద పాకుతూ పోయింది. మూడు జానలు. చీలిన నా క్లారినెట్‌ను నేను కొలిస్తే మూడున్నర. ఆ చెయ్యి నా చేతికంటే అంత పెద్దది, అర జాన తేడా సరిగ్గా సరిపోయింది. అప్పుడు చెప్పాను సరే అని.

వచ్చింది, నిండు క్లారినెట్. మేస్త్రి ఒకసారి ఊది చూసి, నా చేతికిచ్చి ముందు వరుస వైపు చూపించాడు. అమెరికా చేత జానలు కొలిపించినవాణ్ణని ఆ రోజంతా తల దించలేదు.

మొదటి పెళ్ళి పెనుబల్లిలో. మా బ్యాండులో ఒక ధర్మం ఉంది: ముందు పాట నడిచినంతసేపూ వెనక డోలు ఆగకూడదు. పాట ఎత్తుకున్నాను. పల్లవి అయింది, చరణమైంది, మళ్ళీ పల్లవి. మామిడితోట దాటాం. పెద్ద డోలు బరువంతా మా బావమరిది పొట్ట మీద.

"బావా, ఇగ ఆపరాదే!"

ఇంకో చరణం ఎత్తుకున్నాను.

"నీ కాళ్ళు మొక్కుత బావా, చేతులు పోతున్నయ్!"

నోట్లో క్లారినెట్ ఉన్న మనిషి ఏమని జవాబు చెప్తాడు? పెళ్ళికూతురి ఇల్లు కనబడింది. మళ్ళీ పల్లవి నుంచి మొదలుపెట్టాను.