ఇంట్లో పుస్తకాలున్న గ్రూపు

ముందు రేకు చప్పుడు వినిపించింది.

కైకలూరు ఐసు ఫ్యాక్టరీలో దిమ్మల్ని పొడి చేసే మిషను ఊపిరి తీసుకోడానికన్నట్టు ఒక్క క్షణం ఆగింది. ఆ సందులోంచి, రైలు గేటు అవతల నుంచి, ఖాళీ డబ్బాలో గులకరాళ్ళు వేసి ఆడిస్తున్నట్టు గడగడ. టీ కొట్టు బెంచీ మీద కూర్చున్న లారీ డ్రైవరు తల తిప్పకుండానే, "దుర్గాదేవి మేడం గారండోయ్! ఇళ్ళల్లో పది పాసయినోళ్ళుంటే దాచేసుకోండి," అన్నాడు.

నవ్వులు పూర్తి కాకముందే స్కూటీ వచ్చి ఆగింది. ముందు చక్రం మీది రేకుకి ఒక బోల్టు లేదు. చెరువు గట్ల మీద తిరిగి తిరిగి ఎక్కడో రాలిపోయింది. నలభై దాటిన మనిషి. ముదురు నీలం నూలు చీర, నడుముకు బిగించిన కొంగు, భుజాన గుడ్డసంచి. డ్రైవరు వైపు చూసి, "మీ పండుగాణ్ణి ఎక్కడ దాస్తావో దాచుకోవయ్యా. వచ్చే ఏడు వాడి వంతే," అంది. ఇంజను ఆపలేదు. ఆ రోజు ఆమె వెంట ఊళ్ళు తిరిగి చూద్దామని వచ్చిన నా వైపు తిరిగి, "ఎక్కండి, ఎక్కండి. సుబ్బారావు గారు మేత పడవ ఎక్కేశారంటే మళ్ళీ పొద్దుగూకే దాకా గట్టు మీదికి రారు," అంది.

దుర్గాదేవి ప్రభుత్వ జూనియర్ కాలేజీలో చేపల పెంపకం చెబుతుంది. ఇంటర్మీడియట్‌లో అదొక ఒకేషనల్ కోర్సు. అందరూ ఫిషరీస్ అంటారు. ఆమె గెస్టు లెక్చరరు. అంటే ప్రతి జూన్‌లోనూ ఆ ఉద్యోగం మళ్ళీ కొత్తగా పుట్టాలి. పిల్లలు చేరితే సెక్షను ఉంటుంది, సెక్షను ఉంటే ఆమె ఉంటుంది. ఈ ఏడు ఇంకా ఇద్దరు తక్కువయ్యారు. శనివారంలోగా ఆ ఇద్దరూ చేరకపోతే ఈసారి సెక్షను నడపలేమని ప్రిన్సిపాల్ గారు మెత్తగానే చెప్పారు. ఆ రోజు గురువారం.

పది ఫలితాలు వచ్చిన దగ్గర్నుంచి ఆమె ఇల్లిల్లూ తిరుగుతుంది. మొదట్లో తన కోర్సు కోసమే తిరిగేది. రానురాను జనమే దారిలో ఆపి అడగడం మొదలుపెట్టారు. మా వాడికి ఎంపీసీ మంచిదా, బైపీసీ మంచిదా అండి? సీఈసీలో చేరితే బ్యాంకు ఉద్యోగం వస్తదంటారా? పాలిటెక్నిక్‌కి ఆప్షన్లు పెట్టాలంట, ఏ ఊరు ముందు పెట్టమంటారు? గణపవరం నుంచి పెదపాడు దాకా ఎండాకాలమంతా ఆమె ఎవరిదో ఒకరి అరుగు మీద సగం కూర్చుని సగం లేచి ఉంటుంది. ఇచ్చిన మజ్జిగ సగం తాగి వదిలేస్తుంది.

ఆమె భర్త హనుమంతరావు తాడేపల్లిగూడెంలో రైసు మిల్లు గుమస్తా. రోజూ బస్సులో వెళ్ళి వస్తాడు. "నన్ను కూడా నీ కోర్సులో చేర్చుకోరాదూ? కాలేజీలోనన్నా కనపడతావు," అంటాడట.

రోడ్డుకి రెండు వైపులా నీళ్ళు. గట్లు కోసిన ముక్కల్లో ఆకాశం, ఒక్కో ముక్కలో ఒక్కో రంగుది. తాళ్ళకి వేలాడే మేత సంచులు నీళ్ళలో సగం మునిగి ఊగుతున్నాయి. గాలి ఏ వైపు నుంచి వస్తోందో దానికే తెలియనట్టు ఉంది. ఒక గూడబాతు చెరువు మీద దిగబోయి, మనసు మార్చుకుని, మళ్ళీ లేచిపోయింది. దుర్గాదేవి వెనక్కి తిరిగి మాట్లాడుతోంది. చక్రం మాత్రం గుంటల్ని తప్పించుకుంటూ పోతోంది.

"మా వైపు ఒక రోగం ఉందండి. ఇంట్లో ఏ పుస్తకాలుంటే ఆ గ్రూపు. పెద్దోడు ఎంపీసీ చదివితే చిన్నదీ ఎంపీసీయే. పెద్దోడికి చొక్కా పొట్టైపోతే తమ్ముడికి వేస్తారు చూడండి, అలాగ."

ఆమెకీ అలాగే వేశారు. గణపవరం దగ్గర వరి రైతుల ఇల్లు వాళ్ళది. అన్న శ్యామ్ సుందర్ చదివి అటక మీద పడేసిన ఎంపీసీ పుస్తకాలని వాళ్ళ నాన్న దులిపి చేతిలో పెట్టాడు. లెక్కల్లో తప్పింది. మళ్ళీ రాసి మళ్ళీ తప్పింది. ఒక ఏడాది ఇంట్లోనే ఉండిపోయింది. ఆ ఏడాదే వాళ్ళ మెరక చేను చెరువైంది. పొక్లెయిన్లు వచ్చి మట్టి తీస్తుంటే, నాట్లు వేసిన నేల తిరగబడి గట్టుగా లేస్తుంటే, పనిలేని పిల్ల ఒక్కతీ రోజంతా నిలబడి చూసింది. కాలవ నీళ్ళు వదిలారు. చేపపిల్లల్ని తెచ్చి వదిలారు. పొద్దున్నే నీళ్ళ కింద ఏదో వణుకుతున్నట్టు కదలిక. అది ఏమిటో తెలుసుకోవాలనిపించింది. మరుసటి జూన్‌లో అన్నం మానేసి కూర్చుని బైపీసీలో చేరింది. ఆ తర్వాత జువాలజీ, ఆ తర్వాత ఫిషరీస్‌లో పీజీ.

"కొత్త పుస్తకాలు కొనిపించుకున్నందుకు మా అమ్మ రెండేళ్ళు దెప్పిందండి," అంది. నవ్వింది. అంతలోనే, "సుబ్బారావు గారింట్లో కూడా ఎంపీసీ పుస్తకాల గోనెసంచి ఒకటుంది. కొడుకు రాజేష్‌ది. అదొచ్చి గుమ్మంలో కూర్చోకుండా ఉంటే చాలు," అంది.

సుబ్బారావు గారు పడవ ఎక్కలేదు. బనీను మీద తువ్వాలు వేసుకుని, వాకిట్లో కుర్చీ కూడా వేయించి ఎదురుచూస్తున్నాడు. వాళ్ళమ్మాయి పింకీ గుమ్మం పక్కన నిలబడి ఉంది. స్కూల్లో ఆ పిల్ల పేరు సాయి హర్షిత. పదిలో మంచి మార్కులే వచ్చాయి. కళ్ళు వాచి ఉన్నాయి.

"రండి మేడం గారూ. మీకు శ్రమ లేకుండా చేసేశానండి. మీ ఫిషరీస్‌లోనే రాసేసుకోండి," అన్నాడు.

దుర్గాదేవి కూర్చోబోతున్నదల్లా ఆగిపోయింది. "మొన్న ఫోన్లో ఏలూరు అన్నారు కదండీ?"

"ఆయ్, అన్నానండి. కార్లో వచ్చారండి ఆ కాలేజీ వాళ్ళు. ఏసీ క్లాసులంట, ఏసీ హాస్టలంట. గోడ గడియారం కూడా ఇచ్చారు. ఇది రెండ్రోజులు ముద్ద ముట్టలేదండి. చేపలు చదువుతానంటది. చేపలకి మేతెయ్యడానికి ఇంటర్మీడియట్ ఎందుకే అన్నాను. అయినా ఇంటి పట్టున ఉంటది కదా, సరే పోన్లే అనుకున్నానండి."

"ఒప్పేసుకున్నారండి ఆయన," అంది లోపల్నుంచి వచ్చిన ఆయన భార్య కనకమ్మ. "మరి మా రాజేష్ పుస్తకాలండీ? కొత్తవాటిలా ఉన్నాయి. ఎవరు చదువుతారు, గేదా?"

"నువ్వు చదువుకో. ఖాళీగానే ఉన్నావుగా," అన్నాడు సుబ్బారావు.

"నేను ఖాళీగా ఉన్న రోజు మీరు అన్నం తిన్నారా అండి?"

దుర్గాదేవి వాళ్ళ మాటలు వినడం లేదు. చెయ్యి సంచిలోకి పోయింది. అప్లికేషను బయటికొచ్చింది, పెన్ను బయటికొచ్చింది. మామూలుగా ఆమె పద్ధతి అది కాదు. పేరు రాసే ముందు పిల్లనో పిల్లాణ్ణో "మీ చెరువు చూపించు" అని గట్టు మీదికి తీసుకెళ్తుంది. పెద్దవాళ్ళ మధ్య కూర్చుంటే పిల్లలు పెద్దవాళ్ళ మాటలే మాట్లాడతారంటుంది. గట్టు సన్నగా ఉంటుంది, ఒకరి వెనక ఒకరు నడవాలి, ముఖాలు కనపడవు. అప్పుడు లోపలి మాట బయటికి వస్తుంది. ఈ విషయం చుట్టుపక్కల ఊళ్ళల్లో పిల్లలందరికీ తెలుసు.

"మేడం," అంది పింకీ. "చెరువు చూడరాండి?"

పెన్ను కాగితం మీద ఆనింది. ఇంకా రాయలేదు. దుర్గాదేవి ఒక్క క్షణం ఆ పిల్ల వైపు చూసింది. అడగకుండా ఉంటే బాగుండేదన్నట్టు ఉంది ఆ చూపు. తర్వాత పెన్నుకి మూత పెట్టి లేచింది.

గట్టు మీద పింకీ ముందు, దుర్గాదేవి వెనక, వాళ్ళకి కాస్త దూరంలో నేను. ఎండ నీళ్ళలో విరిగి కళ్ళలో పడుతోంది. చెరువుకి గాలి పట్టించే ఏరేటరు చక్రాలు నీళ్ళని చిమ్ముతున్నాయి.

"ఫిషరీస్ అని ఎప్పటినుంచి అనుకుంటున్నావే?"

"మొన్నటి నుంచండి."

"మొన్నేం జరిగింది?"

"ఏలూరు నుంచి కారు వచ్చిందండి."

పింకీ నడక నెమ్మదించింది.

"అన్నయ్య హాస్టల్లో ఉండగా ఆదివారం ఫోన్ చేసేవాడండి. లైన్లో వెనకవాళ్ళు అరుస్తుండేవాళ్ళు. 'బాగున్నా' అని పెట్టేసేవాడు. బాగున్నా అన్న రోజల్లా మా అమ్మ ఏడ్చేదండి. నేను అక్కడికి వెళ్ళనండి. మీ కాలేజీకైతే బస్సులో వచ్చేయొచ్చు కదండి."

"అంతేనా?"

నీళ్ళ అంచున ఒక చచ్చిన చేప తేలుతోంది. పింకీ చటుక్కున కూర్చుని, పుల్లతో దాన్ని దగ్గరికి లాక్కుని, వేలితో మొప్ప ఎత్తి చూసింది. కళ్ళ వాపు ఎటుపోయిందో, ముఖమంతా మారిపోయింది. "చూడండి మేడం, పాలిపోయాయి. మా నాన్న మందుల కొట్టాయన ఏదిస్తే అది తెచ్చి పోసేస్తాడండి. కోసి చూస్తే కదా తెలిసేది? నేను రెండు కోశానండి. మూడోది కోద్దామంటే అమ్మ కత్తిపీట దాచేసింది." అలాగే తల ఎత్తి అడిగింది: "చేపలకి డాక్టర్లు ఉంటారా అండి? దానికి ఏం చదవాలండి?"

దానికి ఏం చదవాలో దుర్గాదేవికి తెలుసు. బైపీసీ చదివి, ఎంట్రన్సు రాసి, ఫిషరీస్ డిగ్రీకి వెళ్ళాలి. ఒకేషనల్ నుంచి వెళ్తే అది చుట్టుదారి. మధ్యలో బ్రిడ్జి కోర్సు పరీక్షలు రాయాలి, అప్పటికీ సీటు ఏమవుతుందో ఎవరూ గట్టిగా చెప్పరు. ఆమె కాళ్ళు గట్టు మీద నిలవడం లేదు. రెండడుగులు ముందుకి వేసింది, వెనక్కి వచ్చింది. కొంగు విప్పింది, మళ్ళీ బిగించింది.

"చేతులు కడుక్కో," అంది చివరికి. "పద ఇంటికి."

వాకిట్లోకి గోనెసంచి రానే వచ్చింది. కనకమ్మ పుస్తకాలు ఒక్కొక్కటీ తీసి కొంగుతో తుడిచి పేరుస్తోంది. దుర్గాదేవి ఈసారి కూర్చోకుండానే చెప్పింది. "సుబ్బారావు గారూ, మా ఫిషరీస్ వద్దండి. పాపకి బైపీసీ రాద్దాం. మా కాలేజీలోనే ఉంది. బస్సులో వచ్చి బస్సులో పోతది. హాస్టలు గోల లేదు."

సుబ్బారావు తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. "అదేంటండీ? మీకింకా ఇద్దరు కావాలని ఊరూరా తిరుగుతున్నారు కదా. మేమే ఇస్తామంటుంటే వద్దంటారేంటి? మీరు గానీ చేపల యాపారం చేశారంటే మూడో రోజుకి కొంప మునిగిపోద్దండి."

"మునుగుద్దండి. అందుకే చెయ్యట్లేదు."

"బైపీసీ ఏంటండీ, బైపీసీ?" కనకమ్మ గొంతు లేచింది. "ఈ పుస్తకాలు ఏం చెయ్యమంటారు?"

"తూకానికి వేసేయండి."

"అమ్మమ్మా, సరస్వతిని తూకానికి వేస్తారాండీ? మీరు టీచరేనా?" కనకమ్మ పుస్తకాల దొంతిని ఒళ్ళోకి లాక్కుంది. దుర్గాదేవి ముఖం కందిపోయింది. చిన్నప్పుడు అటక మీంచి దిగిన పుస్తకాల మీది కోపం ఈవిడ మీద చూపించానని ఆమెకే అనిపించినట్టుంది.

పింకీ వచ్చి అమ్మ పక్కన గొంతుక్కూర్చుంది. ఒళ్ళోంచి ఒక్కో పుస్తకం తీసి రెండు దొంతులుగా పెట్టడం మొదలుపెట్టింది. "లెక్కలు ఇటు. ఫిజిక్సు అటు. కెమిస్ట్రీ అటు. ఇవి రెండూ బైపీసీలో కూడా ఉంటాయమ్మా. ఇంగ్లీషూ తెలుగూ ఎలాగూ ఉంటాయి. కొనాల్సింది బోటనీ, జువాలజీయే."

కనకమ్మ రెండు దొంతుల్నీ చూసింది. ఏది ఎత్తుగా ఉందో చేత్తో కొలిచింది. "లెక్కలు మా చెల్లెలి కొడుక్కి ఇస్తాను," అంది కాసేపటికి. "వాడు ఎలాగూ మొద్దే."

సుబ్బారావు పగలబడి నవ్వాడు. దుర్గాదేవి ఇంకో అప్లికేషను తీసి, పెన్ను మూత తీసి, పేరు రాసింది. సాయి హర్షిత, బైపీసీ. రాస్తున్నంతసేపూ పింకీ ఆమె భుజం మీంచి వంగి చూస్తూనే ఉంది. బయల్దేరుతుంటే కనకమ్మ గేటు దాకా వచ్చి, గొంతు తగ్గించి అడిగింది: "ఏవండీ మేడం గారూ, మరి మీ ఉద్యోగమో?"

"చూద్దావండి," అంది దుర్గాదేవి. స్టాండు తీస్తున్న కాలు రెండుసార్లు జారింది.

తూములోంచి నీళ్ళు పడుతున్న చోట బండి నెమ్మదించింది. ఆమె రోడ్డు వైపే చూస్తూ, "దానికేం చదవాలండి అని అడిగింది చూడండి, మా ఫిషరీసే చాలమ్మా అనేద్దామనుకున్నానండి. నోటి దాకా వచ్చేసింది," అంది. మళ్ళీ వేగం పెంచింది. ఎదర గుంట ఉంది, చూసుకోలేదు. ఇద్దరం ఎగిరిపడ్డాం.

ఏలూరు బస్సు ఆగే మలుపులో ఆపింది. నేను దిగాను. ఆమె దిగలేదు, ఇంజనూ ఆపలేదు. ఫోను తీసి ఎవరి నంబరో వెతికింది, దొరక్క సంచిలో పడేసింది. ఆటపాక పోయే దారి వైపు ఒకసారి చూసి, నా వైపు తిరిగింది.

"అక్కడొక కుర్రోడున్నాడంటండి, ప్రదీప్ అని. పొద్దస్తమానం చెరువులోనే ఉంటాడంట, వాళ్ళమ్మ తిడతా ఉంటదంట. వాడికి నిజంగా చేపలంటే ఇష్టమైతే బాగుణ్ణండి. మీరూ ఒకసారి దణ్ణం పెట్టుకోండి."